పాతవి రెండు, కొత్తది ఒకటి

పాతవి రెండు, కొత్తది ఒకటి. హిందూపురంలో ఎముకల డాక్టరు అన్న ఆ మాట స్టేషను దాకా ఉలిగమ్మ వెంట నడిచొచ్చింది, టికెట్ల కిటికీ ముందు ఆమెతో పాటే నిలబడింది, ఇప్పుడు ప్యాసింజరు కదిలి ప్లాట్‌ఫారం వెనక్కి జరుగుతుంటే పక్క సీట్లో చుట్టం మాదిరి కూర్చుని ఉంది. ఒళ్లో పెద్ద కవరు, అందులో ఎక్స్‌రే ఫిల్ము. మడవకూడదన్నారు కాబట్టి నిలబెట్టి రెండు చేతులతో పట్టుకుంది. చీర కింద కొత్త బెల్టు పక్కటెముకల్ని బిగించి పట్టింది, ఊపిరి కూడా సగానికే అందుతోంది. ఇల్లు పెనుకొండలో. కానీ టికెట్ల కిటికీ దగ్గర నోరు "ధర్మవరం" అనేసింది. ఎందుకన్నావని కిటికీ అవతలి మనిషి అడగలేదు, అడగడానికి ఆమెకు వేరే మనుషులూ లేరు, ఆమే తనను తాను అడిగింది. ఏముంది, పెనుకొండలో దిగిపోవచ్చు. టికెట్టు ధర్మవరం దాకా ఉంటే మధ్యలో దిగొద్దని ఎవరన్నారు. గదికి పోయి తలుపేసుకుని, డాక్టరు చెప్పినట్టు వెల్లకిలా పడుకోవచ్చు. గోడ వైపు తిరక్కుండా, పైకప్పు చూస్తూ. మూడు నెలలుగా గోడే చూసింది.

"నీతో ఎవరొచ్చినారమ్మా?" అన్నాడు డాక్టరు, ఫిల్మును దీపాల పెట్టె మీద తగిలిస్తూ. "ఎవరూ రాలేదు సార్." ఆయన ఒకసారి తలుపు వైపు చూశాడు, ఆ మాట నిజమా అన్నట్టు, తర్వాత ఆమెకే చెప్పడం మొదలుపెట్టాడు. చిన్నవాడు, ముప్పై దాటి ఉండవు, ఓపిక ఉన్నవాడు. తెల్లగా, పొగ లాగా కనిపించేవి పూసలట, వాటి మధ్య నల్లటి సందుల్లో మెత్తల్లాంటివి ఉంటాయట. వయసులో ఉన్నప్పుడు ఆ మెత్తల నిండా నీళ్లుంటాయి, బరువు ఎటు పడినా సమంగా పంచుతాయి. వయసు పైబడే కొద్దీ నీళ్లు ఇంకిపోయి మెత్త పల్చబడి గట్టిపడుతుంది. అప్పుడు మనిషి నిటారుగా నిలబడినంతసేపూ బరువంతా పూసల వెనక వైపే మోస్తుందట, ముందు వైపుకు పని ఉండదట. "పని లేని ఎముక నిలవదమ్మా, లోపల్లోపల గుల్లబడిపోతాది. నువ్వు ఎప్పుడైనా ముందుకు వంగినావనుకో, వెనక మోస్తాండే బరువంతా ఒక్కసారి ఆ గుల్లబడిన ముందు భాగం మీదికి వస్తాది. అది తట్టుకోలేదు, అణిగిపోతాది. చూడు, వెనక వైపు ఎత్తుగానే ఉండాది, ముందు వైపు నలిగిపోయిండాది, ఈ మూడూ." మూడా అంది ఉలిగమ్మ. మూడే, అన్నాడాయన. పెన్ను మొనతో ఒక్కొక్కటే చూపించాడు. కింది దాని అంచులు ఇంకా సరిగా అతుక్కోలేదు, కొత్తది, మొన్నటిది, తుమ్మినా విరిగేదేనట. పైన రెండూ ఏళ్ల కిందటివి, వంకరగానే అతికి మొండిబడి ఉన్నాయి. "అవి ఎప్పుడు ఇరిగినాయో నీకు తెలీదా?" అన్నాడు ఆశ్చర్యంగా. గర్భసంచి ఎప్పుడు తీసేసినారని కూడా అడిగాడు. ముప్పై నాలుగో ఏట, అంది. కదా, అన్నాడు, అప్పటినుంచే ఎముక అరుగుతా వచ్చింటాది. ఆ ఆపరేషను తర్వాతే మొగుడు వేరే ఆమెను చూసుకుని వెళ్లిపోయాడని ఉలిగమ్మ చెప్పలేదు. అది ఎక్స్‌రేలో పడే సంగతి కాదు.

తెలీదా అని అడిగాడే. ఎముక విరిగితే తెలీకుండా ఎట్లుంటుంది. చేయి విరిగితే ఊరంతా తెలుస్తుంది, కట్టు కడతారు, చూడ్డానికొస్తారు, చేతిలో పండ్లు పెట్టి పోతారు. తనకు రెండుసార్లు వెన్నెముక విరిగింది, ఎవరూ రాలేదు, తనకే తెలియలేదు. మలుగూరు స్టేషన్లో రైలు ఆగి ఉండగా చెనక్కాయలమ్మే ఆయన కిటికీ పక్కగా పోతున్నాడు, ఆ అరుపు వింటూ ఆమె లెక్కబెట్టడం మొదలుపెట్టింది, వెనక్కి, ఏడాది ఏడాదికీ, ఎక్కడ విరిగి ఉంటుందని. నొప్పి లేని ఏడాదిని వెతకడం తేలికనిపించింది. అన్నీ కలిసిపోయి ఉన్నాయి. పెనుకొండ ఆడపిల్లల హాస్టల్లో పొయ్యి ముందు ఇరవై తొమ్మిదేళ్లు. నూట ఇరవైమంది పిల్లలు, రెండు పూటలా అన్నం, తెల్లవారితే ఉప్మా, పేరుకు ఆయమ్మ, పనికి వంటామె. నడుం నొప్పి లేని వంటామె ఎవరుంటారు. అయినా వాటన్నిట్లో ఒకటి వేరేగా ఉంది. ఉంది, ఇదిగో. తొంభై మూడో సంవత్సరం, వానలు పడిన ఆగస్టు, తోడు పనిచేసే హనుమంతమ్మ జ్వరమని రాలేదు. అన్నం డేగిసాను పొయ్యి మీద నుంచి దించి గంజి వంచాలంటే ఇద్దరు కావాలి. పిల్లలు బయట పళ్లేలు మోగిస్తున్నారు. గుడ్డలు చుట్టి రెండు చెవులూ పట్టుకుని, ముందుకు వంగి, ఒక్కతే ఎత్తింది. లోపల ఎక్కడో టప్ మని, ఎండిన చింతకాయ పెంకు వేళ్ల మధ్య చిట్లినట్టు. చెవికి కాదు, ఒంటికి వినిపించింది. కళ్ల ముందు ఆవిరి, ఆవిరి వెనక నల్లగా. అయినా డేగిసాను వదిలిపెట్టలేదు, వదిలితే కాళ్ల మీద పడుతుంది, అన్నం పోతుంది. గంజి వంచేసింది. వంటింటి గడప మీద కూర్చుంది, లేచింది, వడ్డించింది. వార్డెను మేడమ్ "ఏమైంది ఉలిగమ్మా, మొగం అట్ల పెట్టినావు?" అంటే "ఏంల్యా మేడమ్" అంది.

ఏంల్యా. ఏమీ లేదనే ఆ మాట నోటికి ఎంత తేలిగ్గా వస్తుంది. నెల రోజులు పక్క మీద నుంచి లేవడానికి మంచం పట్టె పట్టుకుని, పక్కకు దొర్లి, మోకాళ్ల మీద ఆనుకుని లేచేది. సందులో సూదులేసే ఆయన వాయువన్నాడు, అల్లం తినమన్నాడు. సాయంత్రాలు బోర్లా పడుకుని "తొక్కు పాపా" అనేది, పదమూడేళ్ల సంగీత గోడ పట్టుకుని ఆమె వీపు మీద నడిచేది, చిన్న పాదాలు, చల్లని పాదాలు, వెన్ను పొడుగునా జాగ్రత్తగా ఒక్కో అడుగు. విరిగిన ఎముక మీద. దేవుడా, విరిగిన ఎముక మీద ఆ పిల్లను నడిపించింది. ఇంకొంచెం ఇంకొంచెం అని తనే అంది. నొప్పిగా ఉందని చెప్పి ఉంటే ఆ పిల్ల కాలు పెట్టేదా.

సంగీత. ఆ పేరు దగ్గరికి రాకుండా ఇంతసేపు చుట్టూ తిరిగింది మనసు. ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తండ్రి లారీ మీద తెచ్చి హాస్టల్లో దింపి పోయాడు, తల్లి లేదు. మొదటి ఎండాకాలం సెలవులకు అందరి నాయనలూ వచ్చి ట్రంకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని పిల్లల్ని తీసుకుపోయారు. సంగీత మాత్రం పెట్టె మీద కూర్చుని గేటు వైపే చూస్తూ రెండు రోజులు ఉంది. మూడో రోజు వంటింటికి తాళం వేస్తూ ఉలిగమ్మ, "రా పాపా, మా ఇంట్లో సంగటి తింటువుగాని" అంది. అంతే. కోట గోడ పక్క సందులో ఒంటి గది, దానికొక కిటికీ. ఆ సెలవులు, తర్వాతి సెలవులు, దసరా, ఆదివారాలు. తండ్రి ఇంకొక్కసారి వచ్చాడు, అంతే. హాస్టలు చదువు అయిపోయాక పిల్ల ఆ గదిలోనే ఉండిపోయింది, అక్కడినుంచే ఇంటరు, అక్కడినుంచే టీచరు ట్రైనింగు. అందరు పిల్లల మాదిరే ఆయమ్మా అని పిలిచేది, పెద్దదైనా ఆ పిలుపు మారలేదు. అమ్మా అని పిలవమని ఉలిగమ్మ ఎన్నడూ అడగలేదు. ఆయమ్మలోనే అమ్మ ఉంది గదా అనుకునేది, ఆ సంగతి పిల్లకు తెలుసో లేదో.

"కొంచెం జరుగవ్వా, ఇంగొక మనిషి కూచ్చుంటాది." చింతపండు బుట్టతో ఎక్కిన ఆమె, నలభై ఏళ్లుంటాయి, చేతుల నిండా మట్టి గాజులు. ఉలిగమ్మ జరిగింది. జరగడానికి ముందు చేతులు సీటుకు ఆనించి, ఒంటిని పైకెత్తి, ఒక వేలెడు జరిపి, మళ్లీ దించాలి, అది ఎవరికీ తెలియకుండా చెయ్యాలి. కిటికీ పట్టెకు భుజం నొక్కుకుంది. రైలు పట్టాలు మారినప్పుడల్లా పెట్టె పక్కకు విదిలిస్తోంది, విదిలించినప్పుడల్లా వెన్నులోంచి ముందుకు, పక్కటెముకల చుట్టూ ఒక తీగ బిగిసినట్టవుతోంది. పడుకోవాలి. పడుకుంటే తగ్గుతుందని తెలుసు. ఎదుటి సీట్లో ఎవరో ఆకువక్క నములుతున్నారు, ఎవరో బెంగుళూరులో అపార్టుమెంటు కడుతున్నారని చెప్పుకుంటున్నారు. రెండోది ఎప్పుడు? రెండోది కూడా ఇట్లాగే, కూర్చునే, కుదుపులోనే.

బస్సు. అవును బస్సే. తొంభై ఎనిమిది. సోమందేపల్లిలో అమ్మ పోయిందని కబురొచ్చింది, పొద్దున బస్సులో చివరి సీటు ఒక్కటే ఖాళీ, చక్రాల మీద. హైవే మీద రోడ్డు తవ్వి పోసి ఉంది. డ్రైవరు ఆ గుంతను చూసుకోలేదు, వెనక సీటు వాళ్లంతా ఎగిరి పడ్డారు, పడి నవ్వారు కూడా. ఉలిగమ్మ "అమ్మా" అని గట్టిగా అరిచింది, తర్వాత ఆపుకోలేకపోయింది, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్కనున్నామె భుజం తట్టి, అమ్మ పోయిందంటనా, ఏడువమ్మా, ఏడిస్తే బరువు తగ్గుతాది అంది. ఆ ఏడుపు అమ్మ కోసమే అనుకుంది ఆమె. ఉలిగమ్మ కూడా అట్లాగే అనుకుంది. ఇన్నేళ్లూ అట్లాగే అనుకుంది. ఇంటి ముందు అమ్మను పడుకోబెట్టి ఉంటే, వంగి ఆ కాళ్లు ముట్టుకోలేకపోయింది. వంగితే కింద పడిపోతానని తెలిసి నిలబడే చేతులు జోడించింది. తమ్ముడు ఆంజనేయులు పెండ్లాం వెనకనుంచి అందరూ వినేట్టు అన్న మాట ఇంకా చెవిలో ఉంది, "సర్కారు జీతం తింటే గుండె గూడా రాయైపోతాదేమో, ఒంగి మొగం గూడా చూడలా." ఆ రోజు నుంచి సోమందేపల్లికి రాకపోకలు లేవు. డాక్టరు పెన్ను మొన పెట్టిన ఆ రెండో పూస ఇదే అయి ఉంటుంది. ఆ పెన్ను మొన అంత జాగాలో ఒక మరదలు, ఒక తమ్ముడు, ఒక పుట్టిల్లు.

అప్పటినుంచే చీరలు నేల మీద పారాడ్డం మొదలైంది. నేతలో తేడా వచ్చింది అనుకుంది, కుచ్చిళ్లు ఇంకొంచెం పైకి దోపుకుంది. ఒకప్పుడు హాస్టల్లో అటక మీది పప్పు డబ్బా ఎవరికీ అందకపోతే ఆమెనే పిలిచేవాళ్లు, పొడుగు ఉలిగమ్మ అనేవాళ్లు. తర్వాత తర్వాత ముక్కాలి పీట కావాల్సొచ్చింది. సంగీత పక్కన నిలబడి నవ్వింది ఒక రోజు, "ఆయమ్మా, నేను పెరుగుతాండానా, నువ్వు కురచైపోతాండావా?" వయసొస్తే అంతే పాపా, అంది తనూ నవ్వి. కడుపు ముందుకొచ్చింది, రెండు ముద్దలకే నిండినట్టు ఉండేది, జాకెట్లు భుజాల దగ్గర వదులయ్యాయి. ఇవన్నీ ఒకటే సంగతి చెబుతున్నాయని ఎవరికి తెలుసు. మెత్తలు ఇంకిపోయాయి, పూసలు అణిగాయి, మనిషి అరచేయి వెడల్పు కిందికి దిగిపోయింది. రిటైరయ్యే రోజు దండ వేసి ఫోటో తీశారు. ఫోటోలో ఒక ముసలామె నేల మీద ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు నిలబడి ఉంది. ఇదెవరు అని అడగబోయి ఊరుకుంది.

ఇక కొత్తది. కొత్తది వెతకక్కర్లేదు. మూడు నెలల కిందటి మంగళవారం, పది గంటల పొద్దు, కొళాయి దగ్గర నిండు బిందెను పైకెత్తడానికి వంగి ఉంది. సందు మొదట్నుంచి సంగీత పరుగెత్తుకుంటూ వచ్చింది, చేతిలో పేపరు, చెప్పులు కూడా లేవు, అరుస్తూనే వచ్చింది, "ఆయమ్మా, వచ్చింది! నా నంబరుండాది! టీచరైనా ఆయమ్మా, ధర్మవరం పోతాండా!" వెనకనుంచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి, చిన్నప్పటి మాదిరి వీపు మీద వాలిపోయింది. ఇరవై మూడేళ్ల పిల్ల బరువు, నిండు బిందె బరువు. అదే చప్పుడు. బిందె పడింది, ఉలిగమ్మ పడింది, నీళ్లు సందంతా పారాయి. ఎదురింటి ప్రమీలమ్మ పరుగెత్తుకుని వచ్చింది. సంగీత "ఆయమ్మా, ఆయమ్మా" అంటూ లేపబోయింది. అప్పుడు ఉలిగమ్మ అంది. నీళ్లలో పడి ఉండే అంది. "నా నడుం ఇరగ్గొట్టినావు గదే. నిన్ను సాకినందుకు ఇదా నువ్వు నాకు చేసేది?"

సాకినందుకు. పదహారేళ్లలో ఒక్కసారి కూడా నోట రాని మాట. పిల్ల చేతులు అట్లాగే గాలిలో ఆగిపోయాయి. ముఖంలోంచి ఏదో దిగిపోయింది, నీళ్లు ఇంకిపోయినట్టు. తర్వాత అన్నీ చేసింది, ఆటో పిలిచింది, సూదులేసే ఆయన్ని తెచ్చింది, నీళ్లు కాచింది, కాళ్లకు నూనె రాసింది, అన్నం కలిపి నోటి దాకా తెచ్చింది. ఉలిగమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఎనిమిది రోజులు. తొమ్మిదో రోజు ఉద్యోగంలో చేరాలి. ట్రంకు పెట్టె తీసుకుని గడపలో చాలాసేపు నిలబడింది, వీపు మీద ఆ చూపు తెలుస్తూనే ఉంది. "పోతాండా ఆయమ్మా." పొయ్యిరా అని మూడు అక్షరాలు అనలేకపోయింది. రెండు వారాలకు ఒక ఆదివారం మళ్లీ వచ్చింది, బత్తాయిలు తెచ్చింది. ఉలిగమ్మ నిద్రపోతున్నట్టు ఉండిపోయింది. పిల్ల బస్సు టైము దాకా గడప మీదే కూర్చుని పోయింది. ఆ తర్వాత రాలేదు. ఒక కార్డు ముక్క వచ్చింది, అడ్రసు మాత్రం రాసి ఉంది, ఫలానా వీధి, మగ్గాల వెంకటప్ప ఇల్లు, మేడ మీద గది. బాగున్నావా అని కూడా లేదు.

ఎందుకంది ఆ మాట? నొప్పికి అంది, అనుకుంటూ వచ్చింది మూడు నెలలు. నొప్పి మనిషి చేత ఏమైనా అనిపిస్తుంది, ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ డేగిసా ఎత్తిన రోజు నొప్పి లేదా, ఏంల్యా మేడమ్ అనలేదా? బస్సులో నొప్పి లేదా? ఆ రెండుసార్లూ ఎవరినీ ఒక్క మాట అనని నోరు మూడోసారి ఎందుకు తెరుచుకుంది? రైలు ఒక వంక మీది వంతెన దాటుతోంది, కింద ఇసుక, నీళ్లు లేవు, శబ్దం మాత్రం నీళ్లున్నట్టు. మెడ చుట్టూ ఆ చేతులు పడకముందే, చప్పుడు రాకముందే, ఏదో అయింది. ధర్మవరం పోతాండా. ఎంత సంతోషంగా అంది. పోతాండా అని అంత సంతోషంగా ఎవరైనా ఎట్లా అంటారు. మొగుడు పోతూ పోతూ ఏమీ అనలేదు. సెలవులకు పిల్లలంతా పోయేవాళ్లు, ఈ ఒక్కటే పోయేది కాదు, పెట్టె మీద కూర్చుని ఉండేది, తన కోసమే మిగిలినట్టు. అదీ పోతాండా అంది. ఆ క్షణాన బిందె మీద ఉన్న చేతులు చల్లబడ్డాయి, గుర్తుంది, నొప్పికి ముందే చల్లబడ్డాయి. నొప్పి తర్వాత వచ్చి సాకు మాత్రం అయింది.

తీగ మళ్లీ బిగిసింది. ఈసారి రైలు ఎక్కువ కుదపలేదు, అయినా బిగిసింది, కళ్లు చీకటయ్యాయి, కవరు ఒళ్లోంచి జారి కింద పడింది. చింతపండు ఆమె వంగి తీసి ఇస్తూ, "ఏమవ్వా, చెమటలు పడ్తాండాయే? ఒంట్లో బాగలేదా?" అంది. ఏంల్యా, అని నాలుక చివరి దాకా వచ్చింది. ముప్పై ఏళ్లుగా అదే వస్తుంది, పిలవకుండానే వస్తుంది. ఉలిగమ్మ నోరు మూసుకుంది. మళ్లీ తెరిచింది. "నా ఎన్నెముక ఇరిగిండాదమ్మా," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మూడు తావుల ఇరిగిండాది. కూచ్చోలేకున్నా. పండుకోవల్ల." ఎదుటి వాళ్ల మాటలు ఆగిపోయాయి. చింతపండు ఆమె బాలనాగమ్మ అట, ఆమె లేచింది, లేస్తూనే పక్కవాళ్లను కూడా లేపింది, "లెయ్యప్పా, లేచి ఆ పక్క నిలబడుకో, ముసలామెకు ఎన్ను ఇరిగిందంటాండాది" అని. తల కింద తన మూట పెట్టింది. నలుగురు మనుషులు ఒక్క మాటకు లేచి నిలబడ్డారు. ఇంత తేలికా ఇది? ఇన్నేళ్లూ ఇంత తేలికగా ఉండిందా? "ఈ నడుంతో ఒక్కదానివే వచ్చినావా? ఎవరూ లేరా నీకు?" అంది బాలనాగమ్మ. ఉలిగమ్మ పడుకుని రైలు పైకప్పులో తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. "ఉండాది," అంది. "ఒక పాప. టీచరు."

పెనుకొండ వచ్చింది. పడుకున్న చోటు నుంచి కిటికీలో కొండ తలకిందులుగా కాకపోయినా ఏటవాలుగా కనిపిస్తోంది, కొండ మీద కోట గోడ ముక్క, దాని కింద ఎక్కడో తన గది, గదిలో మంచం, మంచం పక్క గోడ. లేస్తే పక్కకు దొర్లి, మోచేయి ఆనించి, కాళ్లు కిందికి వేలాడేసి లేవాలి. రైలు రెండు నిమిషాలు ఆగుతుంది. టైము చాలు. మోచేయి ఆనించింది కూడా. ఇంటికి పోతే ఎవరూ ఏమీ అడగరు, అదొక సుఖం, దానికి ఒళ్లు అలవాటు పడి ఉంది. అక్కడికి పోతే ఆ పిల్ల తలుపు తియ్యకపోవచ్చు, తీసి గడపలో నిలబడి ఏం కావాలి అనొచ్చు. ఆదివారం గడప మీద కూర్చున్నప్పుడు ఆ పిల్లకు ఎట్లుండిందో. "దిగల్లనా అవ్వా? దింపేదా?" అంది బాలనాగమ్మ. "వద్దు," అంది ఉలిగమ్మ, మోచేయి మళ్లీ దించుకుని. "ధర్మవరం దాకా పోవల్ల." కొండ మెల్లగా జరిగి కిటికీలోంచి బయటకు పోయింది. మక్కాజిపల్లి దాటే దాకా ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. నొప్పి ఉంది, కానీ పడుకుని ఉంది కాబట్టి అది ఒక పక్కకు ఒదిగి ఉంది.

ధర్మవరంలో బాలనాగమ్మే చెయ్యి పట్టి దింపింది, ఆటో ఎక్కిస్తానంటే కుదుపులకు భయపడి వద్దంది. నడిచింది. నాలుగడుగులు నడవడం, ఏ అరుగో పట్టుకుని నిలబడడం. వీధి వీధంతా ఇళ్ల లోపలనుంచి మగ్గాల చప్పుడు, ఎడతెగకుండా. సాయంత్రపు ఎండ గోడల మీద పచ్చగా ఉంది. మగ్గాల వెంకటప్ప ఇల్లెక్కడని అడిగితే ఒకాయన మగ్గం గుంతలోంచే చెయ్యెత్తి చూపించాడు. మేడ మెట్లు పదమూడు, లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. ఆఖరి మెట్టు మీద ఉండగానే తలుపు తెరుచుకుంది. సంగీత, చేతిలో ఎర్ర పెన్ను, వెనక నేల మీద పిల్లల నోటు పుస్తకాలు పరిచి ఉన్నాయి. ఎంత సన్నబడింది.

"ఆయమ్మా! ఈ నడుంతో మెట్లెక్కినావా?"

ఉలిగమ్మ కవరు ముందుకు చాపింది. దారంతా కూడగట్టుకున్న మాటలు ఒకదాని మీద ఒకటి పడి వచ్చాయి. "హిందూపురం డాక్టరు చూసినాడు పాపా. పాతవి రెండు ఇరిగిండాయంట, ఎప్పుడో. లోపలంతా గుల్లైపోయిండాదంట. కొత్తది నీ వల్ల గాదంట. తుమ్మినా ఇరిగేదే అన్నాడు. నీ తప్పేం లేదు. అది చెప్పల్లనే వచ్చినా."

సంగీత కవరు తీసుకుంది. తెరవలేదు. "నాకు తెలుసు," అంది.

"తెలుసా?"

"ఈడికొచ్చిన వారానికే డాక్టరమ్మను అడిగినా. కురచైపోయినావని, ఒంగిపోయినావని చెప్తే ఆమే చెప్పింది, ఎముకలు ముందే దెబ్బతినింటాయి, నీ వల్ల గాదని."

"మళ్ల ఏమిటికి రాలా?"

పిల్ల పెన్ను మూత పెట్టింది, తీసింది. "ఎముక గురించి కాదు ఆయమ్మా. సాకినందుకు అన్నావు. నేను నీ దగ్గరుండేది నా ఇల్లనుకోనుంటి. నువ్వు సాకతాండావని నాకెవరూ చెప్పలా."

మగ్గాల చప్పుడు కిందినుంచి వస్తూనే ఉంది. ఈ మాటకు జవాబు డాక్టరు ఇచ్చి పంపలేదు. ఉలిగమ్మ గోడకు చెయ్యి ఆనించింది. నొప్పికి అన్నా పాపా, అంటే సరిపోతుంది, ఈ పిల్ల ఒప్పుకుంటుంది, మంచిది, ఎప్పుడూ ఒప్పుకుంటుంది. "నొప్పికి అన్లా," అంది. "నువ్వు పోతాండా అంటివి. అంత సంతోషంగా అంటివి. దానికి అన్నా. నువ్వు పోతే నాకు ఎవరుండారు అని... అది చెప్పడం చాతగాక ఇది అన్నా."

సంగీత నిలబడి ఉంది, ఎవరో బరువు చేతికిచ్చి ఎక్కడ దించాలో చెప్పనట్టు. తర్వాత నోటు పుస్తకాలను కాలితో పక్కకు జరిపి, చాప పరిచింది, దాని మీద బొంత రెండు మడతలు వేసింది. ఉలిగమ్మ చంకల కింద చేతులు వేసి, బరువంతా తన మీద తీసుకుని, పక్కకు పడుకోబెట్టి, మెల్లగా వెల్లకిలా తిప్పింది. నేర్చుకున్న చేతులు. ఎక్కడ నేర్చుకుందో, ఆ డాక్టరమ్మ దగ్గరే అడిగి తెలుసుకుందేమో. క్షమించానని అనలేదు. ఉలిగమ్మ అడగనూ లేదు, అడిగితే ఒకరు ఇచ్చేదీ ఒకరు తీసుకునేదీ అవుతుందని తోచింది.

"రేపు సెలవు పెట్టేదానికి కుదరదు, పరీక్షలుండాయి," అంది సంగీత, స్టవ్ ముట్టిస్తూ, ఇటు తిరక్కుండా. "నువ్వు ఈడే పండుకోనుండు. మధ్యాన్నం బెల్లుకు వచ్చి అన్నం పెట్టిపోతా. పెనుకొండకు ఎప్పుడు పోయేదీ తర్వాత చూస్తాం."

"సరే పాపా."

నీళ్లు మరిగే చప్పుడు. పిల్ల వచ్చి చాప పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ముఖం ఇంకా బిగిసే ఉంది. కానీ కూర్చుంది.

"యాడ యాడ నొస్తాండాది?" అంది. "అన్నీ చెప్పు. ఏంల్యా అనొద్దు."

ఉలిగమ్మ కళ్లు మూసుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు, ఎవరికీ ఎన్నడూ చెప్పింది కాదు. రెండు భుజాల నడుమ నుంచి మొదలుపెట్టింది, కిందికి, ఒక్కొక్కటే.